సైకిలు మెడకెంత ఖరీదు?



పోయిన వేసవికి ముందు, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఫోను చేసి, "మామయ్యా, మీరు నలభై ఏళ్ళు సైకిలు తొక్కారు గదా, ఒక్క మాట చెప్పండి. హెడ్‌సెట్టుకు నూట ఎనభై డాలర్లు పెట్టవచ్చునా?" అని అడిగాడు. చెవులకు తగిలించుకొని పాటలు వినే సాధనం గురించి అడుగుతున్నాడనుకొని, "రోడ్డు మీద పాటలెందుకురా, వెనక వచ్చే లారీ హారను వినపడవద్దూ?" అన్నాను. వాడు కాసేపు నవ్వి, "అది కాదు మామయ్యా, హ్యాండిలు గొట్టం ఫ్రేములోకి దిగేచోట పైనొకటీ క్రిందొకటీ ఉంటాయి చూడండి" అన్నాడు.

"ఓరీ, కప్పులూ గోళీలూనా!" అన్నాను.

మా నూజివీడు సైకిలు షాపుల్లో దానికి వేరే పేరు నేనెన్నడూ వినలేదు. ఆ కప్పులకు నూట ఎనభై డాలర్లంటే, ఆ డబ్బుతో మన మామూలు సైకిళ్ళు రెండు వస్తాయి. "వద్దు" అని అప్పుడే అనేసేవాణ్ణే గాని, ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ కప్పుల విషయంలో ఒకప్పుడు పైసలు చూచుకొని నేను చేసిన పని ఒకటి గుర్తుకు వచ్చింది. అందుచేత వారం రోజులు గడువడిగి, తెలిసినదీ చదివినదీ కూర్చుకొని వాడికి ఒక ఉత్తరం వ్రాశాను. దానినే కొంచెం పెంచి ఇక్కడ పెడుతున్నాను.

ముందుగా ఆ వస్తువు సంగతి. సైకిలు ముందుచక్రాన్ని పట్టుకొని ఉండే చీలిక గొట్టాన్ని ఫోర్కు అంటారు. దాని పైకొమ్ము ఫ్రేము ముందుభాగాన ఉన్న పొట్టి గొట్టంలో నుంచి పైకి వచ్చి హ్యాండిలును మోస్తుంది. ఆ పొట్టి గొట్టానికి పైన ఒక కప్పు, క్రింద ఒక కప్పు బిగించి, వాటిలో ఉక్కు గోళీలు పేర్చి, గ్రీజు నింపుతారు. హ్యాండిలు తిరిగేది ఈ గోళీల మీదనే. మనిషికి మెడ ఎటువంటిదో సైకిలుకు ఇది అటువంటిది. చక్రం ఇరుసులోని గోళీలు రోజంతా గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. మెడలోని గోళీలు మాత్రం అటూ ఇటూ రవ్వంత కదలి మళ్ళీ తమ చోటికే వస్తాయి. తిరగడం తక్కువ, దెబ్బలు తినడం ఎక్కువ. ఖరీదు సంగతి తేల్చడానికి ఈ ఒక్క భేదం గుర్తుంటే చాలును.

గోళీల చరిత్ర సైకిలు చరిత్రతో పెనవేసుకొని ఉంది. మనకు ఇరుసు ఉంది, సీల ఉంది, కందెన ఉంది. సుమతీ శతకకారుడు కరణాలతో లౌక్యం చెప్పడానికి కూడ కందెననే ఉపమానంగా తెచ్చుకొన్నాడు. కాని మన ఎడ్లబండి ఇరుసులో గోళీలు లేవు. ఐరోపాలో 1794లోనే వేల్సు దేశపు ఫిలిప్ వాన్ అనే ఇనుప పనివాడు బండి ఇరుసులో గోళీలు వాడే పద్ధతికి పేటెంటు పొందాడు గాని, అది అప్పట్లో వ్యాపించలేదు. పారిస్ నగరంలో జూల్ సురిరే అనే అతడు 1869లో సైకిలు చక్రానికి గోళీల బేరింగు అమర్చి పేటెంటు తీసుకొన్నాడు. అదే ఏడు నవంబరు 7న పారిస్ నుండి రువాఁ నగరానికి 123 కిలోమీటర్ల పందెం జరిగింది. అందులో గెలిచిన జేమ్స్ మూర్ తొక్కిన సైకిలుకు ఆ గోళీలే ఉన్నాయి. వాటిని జైలు ఖైదీల చేత చేతితో నునుపు పట్టించారని చెబుతారు. తొలినాటి గోళీ ఎంత ఖరీదైన వస్తువో దీనిని బట్టి ఊహించుకోవచ్చు.

చేతితో చేసిన గోళీలలో చిక్కు ఒకటుంది. పదింటిలో ఒకటి వెండ్రుకవాసి పెద్దదైతే బరువంతా దాని మీదనే పడుతుంది. అది పగులుతుంది, లేదా కప్పును తొలుస్తుంది. జర్మనీలోని ష్వైన్‌ఫుర్టు పట్టణంలో ఫ్రీడ్రిక్ ఫిషర్ 1883లో గోళీలన్నిటినీ ఒకే కొలతకు అరగదీసే యంత్రాన్ని రూపొందించిన తరువాతనే ఆ చిక్కు విడిపోయింది. 1885లో ఇంగ్లండులోని కొవెంట్రీలో జె. కె. స్టార్లీ రోవర్ సైకిలును తయారుచేశాడు. రెండు చక్రాలూ ఇంచుమించు సమానంగా ఉండి, గొలుసుతో వెనుక చక్రం నడిచే నేటి సైకిలు రూపం అక్కడి నుండి వచ్చినదే. ఖైదీల చేత నూరించిన వస్తువు ఒక తరం తిరిగేసరికి సామాన్యుని సైకిలులోకి వచ్చి చేరింది.

మా సైకిలు షాపు సాయిబుగారు ఫిషర్ పేరు విని ఉండరు. కాని కప్పు విప్పినప్పుడల్లా, "పాత గోళీల్లో కొత్త గోళీ కలపకూడదు పంతులుగారూ, మారిస్తే అన్నీ మార్చాలి" అనేవారు. ష్వైన్‌ఫుర్టు సిద్ధాంతం మా గాంధీబొమ్మ సెంటరులో ఆయన నోట వినడం నాకు ఇప్పటికీ ముచ్చటగా తోస్తుంది.

ఇక మన దేశం సంగతి. స్వాతంత్ర్యానికి ముందు మన రోడ్ల మీద తిరిగినవి ఎక్కువగా ఇంగ్లండు నుండి దిగుమతి అయిన రాలీలు, హెర్క్యులిస్‌లు, బీఎస్ఏలు. తరువాత మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్, బెంగాలులో ఆసన్‌సోల్ దగ్గర సేన్-రాలీ, సోనీపత్‌లో అట్లాస్ పుట్టాయి. లూధియానాలో హీరో సైకిళ్ళు 1956లో మొదలై, 1986 నాటికి ప్రపంచంలో అన్నిటికంటె ఎక్కువ సైకిళ్ళు తయారుచేసే సంస్థగా గిన్నిస్ పుస్తకానికెక్కాయి. ఈ సంస్థలన్నీ చేసిన నల్లని పెద్ద సైకిలు ఆనాటి ఇంగ్లీషు రోడ్‌స్టరుకు నకలే. అందువల్ల ఒక మేలు జరిగింది. ఒక కంపెనీ కప్పులు దొరకకపోతే సాయిబుగారు మరో కంపెనీవి తెచ్చి వేసేవారు. సేన్-రాలీ తరువాత ప్రభుత్వపరమై, చివరకు మూతపడింది. అట్లాస్ వారి సాహిబాబాదు కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు ఆగిపోయింది. అయినా ఆ సైకిళ్ళు ఉన్నవారికి కప్పుల కరవు రాలేదు.

మా ప్రాంతానికి సైకిలు ఎందుకు ప్రాణమయిందో చెప్పాలంటే కొంచెం భూగోళం కావాలి. నూజివీడు మేకా వారి జమీందారీకి ముఖ్యస్థానం. నిన్నటి దాకా కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుండి ఏలూరు జిల్లా. కాలువల డెల్టాకు ఎగువన ఉన్న మెట్ట ఇది, ఎర్రనేల, మామిడితోటలు. ఊరి పేరుతో రైల్వేస్టేషను ఉన్నమాట నిజమే గాని అది హనుమాన్ జంక్షన్ వైపున, ఊరికి చాలా దూరాన ఉంది. ముసునూరు, చాట్రాయి, ఆగిరిపల్లి, రెడ్డిగూడెం వైపు తోటల్లోకి వెళ్ళే దారులు నా చిన్నతనంలో ఎక్కువగా గ్రావెల్ బాటలు. తోటకాపలాదారుకూ సైకిలే, పోస్టుమానుకూ సైకిలే, మాస్టారికీ సైకిలే. ఏప్రిల్ నుండి జూన్ వరకు చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి కాయలు గంపలకెత్తి, వెనుక క్యారేజీకి త్రాళ్ళతో బిగించి, తొక్కలేనంత బరువైనప్పుడు నడిపించుకొంటూ తెచ్చేవారు. ఎర్రదుమ్ము, గతుకులు, బరువు. సైకిలు మెడకు ఇంతకంటె గట్టి పరీక్ష ఇంకొకటి ఉండదు.

మా నాన్నగారి సేన్-రాలీ సైకిలు నేను ఉద్యోగంలో చేరేనాటికి నా పాలిటికి వచ్చింది. 1987 వేసవి సెలవులకు ముందు, సాయిబుగారు ముందు బ్రేకు పట్టుకొని సైకిలును వెనుకకూ ముందుకూ ఊపి చూశారు. తరువాత ముందుచక్రం పైకెత్తి హ్యాండిలును దానంతట దాన్ని వాలనిచ్చారు. అది వాలలేదు. నడిమధ్యన ఏదో గుంటలో దిగినట్లు టక్కున ఆగింది. "క్రింది కప్పు గుంటలు పడింది పంతులుగారూ. మార్చేద్దాం" అన్నారు. అన్నీ కలిపి ఇరవై రూపాయల లోపు పని. నెలాఖరు రోజులు. "సెలవులు కానివ్వండి" అన్నాను. "పోనీ, కప్పు ఊడదీసి పావువంతు తిప్పి కొడతాను, గుంటలు ప్రక్కకు పోతాయి. మజూరీ వద్దులెండి" అన్నారు. దానికి కూడ తీరికలేదని వచ్చేశాను.

ఆ తరువాతి వారంలో, బడి నుండి ఇంటికి వస్తూ ఏడో తరగతి పిల్లవాడిని వెనుక ఎక్కించుకొన్నాను. తోటల మధ్య మలుపులో గులకరాళ్ళ మీద సైకిలు జారబోయింది. అటువంటప్పుడు హ్యాండిలును రవ్వంత సర్దుకొంటే నిలబడతాం. ఆ రవ్వంత సర్దుబాటే ఆ గుంట నన్ను చేయనివ్వలేదు. గట్టిగా లాగాను, అవసరానికి మించి తిరిగింది, ఇద్దరం ప్రక్క కాలువలో పడ్డాం. నాకు మోకాళ్ళు గీరుకుపోయాయి. పిల్లవాడికి ముంజేయి విరిగింది. ఇది ఒక్క కప్పు వల్లనే జరిగిందని ఏ ఇంజనీరూ ఒప్పుకోకపోవచ్చు. రాళ్ళున్నాయి, వెనుక బరువుంది. కాని నా చేతులకు తెలిసినది నాకు తెలుసు.

ఆ సెలవుల్లో వాడు తల్లితోపాటు తోటల్లో కాయలేరే పనికి వెళ్ళవలసినవాడు. సీజనంతా చేతికి పిండికట్టుతో ఇంట్లో కూర్చొన్నాడు. ఆ కూలి డబ్బు నేనిస్తానంటే తల్లి పుచ్చుకోలేదు. "కావాలని పడేశారా పంతులుగారూ" అంది. అంతకంటె ఏదైనా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

కప్పులో గుంటలెందుకు పడతాయన్నది తరువాత చదివి తెలుసుకొన్నాను. ఉక్కు గోళీని గట్టిగా నొక్కి, పడిన గుంటను బట్టి లోహపు గట్టితనం కొలిచే పద్ధతిని స్వీడనుకు చెందిన బ్రినెల్ 1900లో లోకానికి చూపాడు. అందుచేత దెబ్బకు బేరింగులో పడే గుంటలకు ఆయన పేరే వచ్చింది. కాని సైకిలు మెడలో పడే గుంటలు చాలావరకు ఒక్క పెద్ద దెబ్బకు పడేవి కావు. 1930లలో అమెరికాలో క్రొత్తకార్లను రైళ్ళ మీద దూరప్రాంతాలకు పంపితే, ఒక్క అడుగైనా నడవని ఆ కార్ల చక్రాల బేరింగులలో గుంటలు కనిపించాయట. కారణం రైలు కుదుపు. గోళీ దొర్లకుండా ఉన్నచోటనే వణుకుతుంది. ఆ వణుకుకు గ్రీజు ప్రక్కలకు తప్పుకొంటుంది. ఇనుమూ ఇనుమూ ఒరసుకొని ఎర్రని పొడి రాలుతుంది. ఆ పొడి మళ్ళీ ఆకురాయిలాగ పనిచేస్తుంది. తిన్నని దారిలో గంటల తరబడి వెళ్ళే సైకిలులోనూ జరిగేది ఇదే. లారీలో చిన్నరసాలు ఎక్కించేవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. మెత్త వేయకపోతే కాయ పైనుంచి పడనక్కరలేదు, ఉన్నచోట ఊగినా కములుతుంది. మన ఎర్రదుమ్ము ఆ గ్రీజులో కలిస్తే పని ఇంకా త్వరగా అవుతుంది.

ఇప్పుడు ఖరీదైన వస్తువు దగ్గరికి వద్దాం. మా వాడు అడిగినది అమెరికాలో క్రిస్ కింగ్ అనే ఆయన 1976లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో మొదలుపెట్టిన సంస్థ వస్తువు. శస్త్రచికిత్స పరికరాలలో వాడి పారవేసిన మేలైన బేరింగులను తెచ్చి సైకిలు మెడలో అమర్చడంతో ఆయన ప్రయాణం మొదలైందని చెబుతారు. సాయిబుగారి తగరపు డబ్బాలో ఏరి దాచుకొన్న గోళీలు గుర్తుకు వచ్చి, ఆ కథ నాకు నచ్చింది. దానిలోని మేలు మూడు విధాలు. బేరింగు మొత్తం మూసి ఉన్న ఒక ఉంగరంలాగ ఉంటుంది, రబ్బరు మూత దుమ్మునూ నీటినీ ఆపుతుంది. గోళీలు పరిగెత్తే దారి గట్టి ఉక్కు. మూత విప్పి కడిగి మళ్ళీ గ్రీజు పెట్టుకొనే వీలుంది. మర కప్పులూ రెండు పెద్ద స్పానర్లూ అక్కరలేని పద్ధతి ఒకటి జాన్ రేడర్ అనే ఆయన పేటెంటుతో 1992 ప్రాంతాన వచ్చింది. అప్పటి నుండి కొత్తరకం సైకిళ్ళకు బిగింపు ఒక్క ఎలెన్ కీతో అయిపోతున్నది.

మరి అంత డబ్బు దండగా? నా లెక్క ఇది.

మొదటిది, నునుపుగా తిరుగుతుందన్న మాటకు డబ్బు పెట్టనక్కరలేదు. అటూ ఇటూ రవ్వంత తిరిగే చోట నునుపు వల్ల కలిసివచ్చే వేగం ఏమీ లేదు. డబ్బు పెట్టవలసినది దుమ్మూ నీరూ లోపలికి పోనివ్వని మూతకు, గుంటపడని ఉక్కుకు.

రెండవది, ఆ మూతా ఆ ఉక్కూ మధ్యరకం ఖరీదులో, దీనిలో మూడోవంతు ధరకే దొరుకుతున్నాయి. మూసి ఉన్న ఆ బేరింగు ఉంగరం పాడైతే అది ఒక్కటే మార్చుకోవచ్చు. కాకపోతే నేటి సైకిళ్ళలో పైన సన్నం క్రింద లావు, లోపలికి దిగేవి, బయటికి ఉండేవి అని రకరకాల కొలతలున్నాయి. మన రోడ్‌స్టరులాగ ఎవరి కప్పు ఎవరికైనా సరిపోదు. కొలత చూడకుండ కొన్నవాడికి ఎంత ఖరీదైనదైనా కాగితం బరువుగా తప్ప పనికిరాదు.

మూడవది, ఒకే ఫ్రేమును పదిహేను, ఇరవై ఏళ్ళు ఉంచుకొని, ఫ్రేము మారినా దీనిని తీసి కొత్తదానిలో వేసుకొనేవాడికి ఆ పెద్ద ఖరీదు గిట్టుతుంది. రెండేళ్ళకొక సైకిలు మార్చేవాడికి గిట్టదు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యం. ఎంత ఖరీదైన మెడకైనా కందెన తప్పదు. మూత దుమ్మును ఆలస్యం చేస్తుందే గాని శాశ్వతంగా ఆపదు. ఏటా వానలు వెళ్ళిన తరువాత ఒకసారి విప్పి చూచేవాడికి రెండు మూడు వందల కప్పులూ చాలాకాలం వస్తాయి. విప్పనివాడికి నూట ఎనభై డాలర్లవి కూడ ఒకనాడు చెప్పకుండ చెడతాయి.

మా వాడు రాత్రీ పగలూ తేడా లేకుండ 200, 300, 600 కిలోమీటర్ల దూరపు సవారీలకు వెళుతుంటాడు. వానలో తడుస్తాడు. కనుక మూత ఉన్న బేరింగే కావాలి, అందులో సందేహం లేదు. అందుకని వాడికి ఇలా వ్రాశాను: "మధ్యరకం మూతబేరింగు కొను. మిగిలిన డబ్బులో మంచి టైర్లు, మంచి దీపం కొను. ఇంతకూ నీ సైకిలును నీవెప్పుడైనా విప్పావా?"

లేదన్నాడు. ఈ మే నెలలో పండ్లకని వచ్చినప్పుడు, వసారాలో గోనెపట్టా పరచి మా నాన్నగారి సైకిలు మెడ ఇద్దరం విప్పాము. 1987లో ఆ పిల్లవాడికి కట్టు కట్టించిన మర్నాడే సాయిబుగారు వేసిన కప్పులే ఇప్పటికీ ఉన్నాయి. ఏటా సంక్రాంతి వెళ్ళాక విప్పి, కిరసనాయిలుతో కడిగి, గ్రీజు పెడుతూ వచ్చాను. గోళీలు రెండుసార్లు, అన్నీ కలిపే, మార్చాను. మా వాడు క్రింది కప్పులో వేలు పెట్టి చుట్టూ తిప్పి చూచాడు. ఎక్కడా గుంట తగలలేదు. మధ్యరకమే కొన్నాడు. ఒక డబ్బాలో గ్రీజు కూడ పట్టుకెళ్ళాడు. సాయిబుగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆ షాపులో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు.

ఆ పిల్లవాడు ఇప్పుడు సొంతంగా తోటలు కౌలుకు తీసుకొంటున్నాడు. ప్రతి వేసవికీ ఒక గంప చిన్నరసాలు మా ఇంటికి తెచ్చి దింపుతాడు. గంప దింపేటప్పుడు ఆ ఎడమ ముంజేయి కొంచెం వంకరగానే ఉంటుంది. అది చూచినప్పుడల్లా ఇరవై రూపాయల లెక్క నాకు మళ్ళీ మొదటి నుండి వస్తుంది.

చివరిగా ఒక మనవి. సైకిలు మెడలోని ఈ భాగానికి మీ మీ ప్రాంతాల్లో ఏమి పేరు? మా వైపు కప్పులు, గోళీలు. రాయలసీమలో, తెలంగాణలో, ఉత్తరాంధ్రలో షాపులవారు ఏమనేవారో తెలిసినవారు వ్రాయండి. ఆ మాటలు అన్నవారు వెళ్ళిపోతున్నారు, మాటలైనా ఒకచోట వ్రాసిపెట్టుకొందాం.